తొక్కిసలాటతో మొదలై... తాళంతో ముగిసి!

అర్ధరాత్రి ఆరు వేల మంది తోసుకుంటూ వచ్చిన కొట్టు అది. పదిహేడేళ్లు తిరిగేసరికి మూతపడింది. లండన్ శివార్లలోని ఎడ్మంటన్‌లో 2022లో ఐకియా తలుపులు మూసుకోవడం చూడటానికి ఒక షాపు సంగతే. కానీ ఆ షాపు నిలబడ్డ నేలకి పెద్ద కథే ఉంది. ఆ కథలో మన సిపాయిల తూటాలున్నాయి, యుద్ధ విమానాలున్నాయి, అల్మారాలున్నాయి. చివర్లో మన హైదరాబాద్ కూడా ఉంది!

2005 ఫిబ్రవరి 9, బుధవారం. రాత్రి 12 కొడితే కొత్త కొట్టు తెరుస్తారు. సోఫా 45 పౌండ్లకే! అప్పటి మారకం లెక్కన మన నాలుగు వేల రూపాయల్లోపే. అయితే చిన్న మెలిక. ఆ ధరలు తెల్లవారుజామున 3 గంటల దాకానే. ఆ తర్వాత వస్తే మామూలు రేటు.

ఇంకేముంది? ఫిబ్రవరి చలిని లెక్కచేయకుండా జనం వచ్చేశారు. నడిచి వచ్చినవాళ్లు, బస్సుల్లో వచ్చినవాళ్లు, కార్లలో వచ్చినవాళ్లు... మొత్తం ఆరు వేల మంది దాకా తేలారు. నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద ట్రాఫిక్ స్తంభించిపోయింది. కొందరైతే కార్లని రోడ్డు మీదే వదిలేసి పరుగులు తీశారు. తలుపులు తెరవగానే తోపులాట. సోఫా ఒకటే, దాన్ని పట్టుకున్న చేతులు మాత్రం నాలుగైదు జతలు. ఊపిరాడక కొందరు సొమ్మసిల్లారు. అంబులెన్సులు వచ్చాయి. కొందర్ని ఆస్పత్రికి తరలించారు. అర్ధరాత్రి తెరిచిన కొట్టుని గంట తిరక్కుండానే మూసేయాల్సి వచ్చింది.

మర్నాడు ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. 'సోఫా కోసం ఇంత గొడవా' అని నవ్వినవాళ్లూ ఉన్నారు. నిజానికి నవ్వుకునే విషయం కాదది. అంతకు అయిదు నెలల ముందే, 2004 సెప్టెంబరులో సౌదీ అరేబియాలోని జెడ్డాలో ఇదే కంపెనీ కొట్టు తెరిచిన రోజున తొక్కిసలాటలో ముగ్గురు చనిపోయారు. చవకగా వస్తుందంటే ఎగబడటం ఏ ఒక్క దేశం సొత్తూ కాదు. ఇంట్లో నాలుగు మంచి వస్తువులు ఉండాలని ఎవరికి ఉండదు? జేబులో డబ్బులు తక్కువున్నవాడికి ఆ కోరిక ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

ఎడ్మంటన్ సరిగ్గా అలాంటివాళ్ల ఊరు.

ఏమిటా ఊరు?

లండన్ అనగానే మనకి గుర్తొచ్చేవి బిగ్‌బెన్, రాణిగారి ప్యాలెస్, థేమ్స్ నది. ఎడ్మంటన్‌కి వాటితో పెద్దగా సంబంధం లేదు. నగరానికి ఉత్తరాన ఎన్‌ఫీల్డ్ అనే బరో ఉంది. బరో అంటే మన మున్సిపల్ సర్కిల్‌ లాంటిదే, కాకపోతే అధికారాలు ఎక్కువ. దాని దక్షిణపు కొసన ఉంటుంది ఎడ్మంటన్. పక్కనే టాటెన్‌హామ్. ఫుట్‌బాల్ అభిమానులకి ఈ పేరు బాగా తెలుసు. అందుకే కాబోలు, కొట్టు ఉన్నది ఎడ్మంటన్‌లో అయినా కంపెనీ దానికి టాటెన్‌హామ్ స్టోర్ అనే పేరు పెట్టుకుంది.

తూర్పున లీ నది పారుతుంది. దాని వెంబడి జలాశయాలు, కాలవలు, గోదాములు. అడ్డంగా నార్త్ సర్క్యులర్ రోడ్డు. మన ఔటర్ రింగు రోడ్డుకి పెద్దన్న అనుకోవచ్చు. కాస్త అవతల ఆకాశంలోకి లేచిన పొగగొట్టం ఒకటి కనిపిస్తుంది. ఉత్తర లండన్ ఇళ్లలోని చెత్తని తగలబెట్టి కరెంటు తీసే ప్లాంటుది అది. 1970ల నుంచీ ఉంది. పర్యాటకుల గైడు పుస్తకాల్లో ఈ చోటు కనిపించదు. నగరానికి అవసరమైనవీ, నగరం కళ్లెదుట ఉంచుకోవడానికి ఇష్టపడనివీ ఇక్కడికి చేరాయి.

మనుషులూ అంతే. టర్కీ, సైప్రస్, సొమాలియా, కరీబియన్ దీవులు, తూర్పు యూరప్... ఎక్కడెక్కడి నుంచో బతుకుతెరువు కోసం వచ్చినవాళ్లు ఈ వీధుల్లో ఇళ్లు అద్దెకి తీసుకుని స్థిరపడ్డారు. కొత్తగా వచ్చినవాడికి మొదట కావాల్సినవి ఏమిటి? ఓ పరుపు, ఓ బల్ల, రెండు కుర్చీలు, నాలుగు పళ్లేలు. అవన్నీ ఒకేచోట, ఒకే మధ్యాహ్నం, అందుబాటు ధరలో దొరికితే? అదీ ఆ నీలం, పసుపు రంగుల షెడ్డు ఆకర్షణ. చదువుకో ఉద్యోగానికో లండన్ వెళ్లిన మన తెలుగు కుర్రాళ్లకీ ఐకియా కొత్త కాదు. చాలామంది అద్దె గదుల్లో తొలి బల్ల, తొలి పరుపు అక్కడివే.

కాళ్లు విప్పితే కోట్లు!

ఇంతకీ ఆ సోఫాలు అంత చవకగా ఎలా ఇస్తారు? అది తెలియాలంటే స్వీడన్ వెళ్లాలి.

ఇంగ్వార్ కాంప్రాడ్ అనే కుర్రాడు 1943లో, పదిహేడేళ్ల వయసులో ఓ చిన్న కంపెనీ పెట్టాడు. తన పేరులోని రెండు అక్షరాలు, పెరిగిన పొలం పేరు ఎల్మ్‌టారిడ్ నుంచి ఒకటి, ఊరు అగునారిడ్ నుంచి ఒకటి తీసుకుని కలిపితే ఐకియా అయింది. మొదట్లో పెన్నులు, పర్సుల్లాంటి చిల్లర సామాన్లు అమ్మేవాడు. 1948లో ఫర్నిచర్ మొదలెట్టాడు. 1958లో ఆల్మ్‌హుల్ట్ అనే చిన్న ఊళ్లో తొలి పెద్ద షాపు తెరిచాడు.

1950ల్లో ఓ బల్లని కారులో ఎక్కించాల్సి వచ్చింది. ఎంత తంటాలు పడినా పట్టదే! 'కాళ్లు విప్పేస్తే పోలా' అన్నాడు కంపెనీ ఉద్యోగి గిలిస్ లుండ్‌గ్రెన్. అంతే, ఆ ఒక్క మాట వ్యాపారం రూపురేఖల్ని మార్చేసింది. బల్ల నిలబడి ఉంటే లారీలో ఎక్కువ పట్టేది గాలే. విడదీసి పలకలుగా పేర్చి అట్టపెట్టెలో పెడితే అదే లారీలో ఎన్నో రెట్లు పడతాయి. రవాణా ఖర్చు తగ్గింది, గోదాము ఖర్చు తగ్గింది. బిగించే వడ్రంగి కూలీ కూడా తగ్గింది. ఎందుకంటే ఆ పని కొన్నవాడిదే! పెట్టెలో నాలుగు స్క్రూలు, ఎల్ ఆకారంలో వంచిన ఓ చిన్న ఎలెన్‌కీ, మాటల్లేని బొమ్మల కాగితం. ఇంటికెళ్లి భార్యాభర్తలు కూర్చుని బిగించుకోవాలి. బిగించాక ఓ స్క్రూ మిగిలిపోతే అప్పుడు మొదలవుతుంది అసలు గొడవ.

ఈ లెక్కలో ఇంకో షరతు కూడా ఉంది. పెట్టెల్ని ఇంటికి మోసుకుపోయేది కొనుగోలుదారే కాబట్టి కారు ఉండాలి. కార్లు నిలపడానికి మైదానమంత స్థలం కావాలి. ఆ స్థలం చవకగా దొరకాలి. అంటే శివారు, రింగు రోడ్డు పక్క. బ్రిటన్‌లో తొలి కొట్టు 1987 అక్టోబరులో వారింగ్టన్‌లో తెరిచారు. మరుసటి ఏడాది లండన్ వాయవ్యాన వెంబ్లీ దగ్గర. 1992లో క్రాయిడన్‌లో, మూతపడిన కరెంటు ప్లాంటు స్థలంలో. అక్కడి రెండు పొగగొట్టాల్ని కూల్చకుండా పైన నీలం, పసుపు పట్టీలు వేశారు. ఫ్యాక్టరీలు ఖాళీ చేసిన చోటికి కొట్లు రావడం అప్పటికే అలవాటుగా మారింది. 2005లో ఎడ్మంటన్ వంతు వచ్చింది.

కబురు చల్లగా వచ్చింది

ఆ తొలిరాత్రి రభస తర్వాత కొట్టు కుదురుకుంది. ఐకియా కొట్లన్నింటిలాగే ఇక్కడా దారి ఒక్కటే. బాణం గుర్తుల వెంట నడుస్తూ పోవాలి. పడగ్గదులు, వంటగదులు, పిల్లల గదులు... ఎవరో కాపురం ఉంటూ ఇప్పుడే బయటికి వెళ్లినట్టు సర్ది ఉంటాయి. కొనేది ఉన్నా లేకపోయినా మంచాల మీద కూర్చోవచ్చు, బీరువాలు తెరిచి చూడొచ్చు, ఎవరూ ఏమీ అనరు. మధ్యలో క్యాంటీన్. పిల్లలు ఆడుకోవడానికి ఓ గది. వర్షం పడుతున్న ఆదివారం పూట పైసా ఖర్చు లేకుండా కుటుంబం మొత్తం తలదాచుకునే చోటు ఇది. షాపింగుకంటే దీనికే ఎక్కువగా అలవాటుపడ్డవాళ్లు ఉంటారంటే ఆశ్చర్యం లేదు.

2022 మొదట్లో కంపెనీ ప్రకటన వచ్చింది. ఈ కొట్టుని మూసేయాలని ప్రతిపాదిస్తున్నాం, ప్రభావం పడేది 450 మంది ఉద్యోగుల మీద అన్నది సారాంశం. 'మూసేస్తున్నాం' అనకుండా 'ప్రతిపాదిస్తున్నాం' అనడం ఎందుకు? దానికో కారణం ఉంది. బ్రిటన్ చట్టం ప్రకారం ఒకేచోట వంద మందికి పైగా ఉద్యోగుల్ని తీసేయాలనుకుంటే, తొలి తొలగింపుకి కనీసం 45 రోజుల ముందే ఉద్యోగుల ప్రతినిధులతో చర్చలు మొదలుపెట్టాలి. ఆ చర్చలు అయ్యేదాకా అది ప్రతిపాదనే. వీలైనంత మందిని లండన్‌లోని మిగతా కొట్లలోకి సర్దుతామని కంపెనీ చెప్పింది.

వినడానికి బాగానే ఉంది. కానీ ఎడ్మంటన్ నుంచి క్రాయిడన్ వెళ్లాలంటే లండన్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి దాటాలి. గంటల లెక్కన జీతం తీసుకునే మనిషికి రోజూ రానూపోనూ మూడు గంటలంటే సామాన్యం కాదు. స్కూలు నుంచి పిల్లల్ని తెచ్చుకునే తల్లికి అసలు కుదరనే కుదరదు. ఇంటి దగ్గరి ఉద్యోగం విలువ అది పోయినప్పుడే తెలుస్తుంది. జీతం అంతే ఉన్నా దూరం పెరిగితే అది పాత ఉద్యోగం కాదు.

2022 ఆగస్టులో కొట్టు మూతపడింది. తెరిచినప్పటి హడావుడిలో పదో వంతు కూడా లేకుండా, చల్లగా.

మరి ఎందుకు మూసినట్టు?

జనం అలవాట్లు మారాయి అన్నది కంపెనీ మాట. అందులో అబద్ధం లేదు. కరోనా కాలంలో కొట్లు మూతపడితే ఇంట్లో కూర్చునే సోఫాలు కొనడం నేర్చుకున్నారు. ఒకప్పుడు ఏడాదికి 20 కోట్ల ప్రతుల దాకా అచ్చయిన ఐకియా క్యాటలాగు, 1951 నుంచీ వస్తున్నది, ఆగిపోతోందని కంపెనీ 2020 డిసెంబరులోనే చెప్పేసింది. మరోపక్క లండన్ నడిబొడ్డున బతికే యువతరానికి కార్లు లేవు. వాళ్లు రింగు రోడ్డు దాకా రారు. కాబట్టి కొట్టే వాళ్ల దగ్గరికి పోవాలి.

డబ్బు కూడా అటే వెళ్లింది. పశ్చిమ లండన్‌లోని హామర్‌స్మిత్‌లో ఓ షాపింగు కేంద్రాన్ని ఐకియా మాతృసంస్థ ఇంకా గ్రూప్ 2020లో 17 కోట్ల పౌండ్లకి కొనేసింది. అందులో చిన్న కొట్టుని తెరిచింది 2022 ఫిబ్రవరిలో. అంటే ఎడ్మంటన్ మూతకి ప్రతిపాదన వచ్చిన రోజుల్లోనే! 2021 అక్టోబరులో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో పేరున్న పాత బట్టల దుకాణం భవనాన్ని 37.8 కోట్ల పౌండ్లకి కొంది. అక్కడి కొట్టు 2025 మే 1న మొదలైంది. శివారులో షెడ్డు పోయింది, నగరం నడిమధ్య మేడ వచ్చింది.

అయితే ఈ కథకి ఇంకో వైపు కూడా ఉంది. కొవెంట్రీ అనే నగరంలో 2007లో ఐకియా ఏడంతస్తుల కొట్టు కట్టింది. శివారులో కాదు, సరిగ్గా ఊరి నడిబొడ్డున. 2020లో దాన్నీ మూసేసింది. ఉద్యోగులు 352 మంది. అప్పుడు చెప్పిన కారణం ఏమిటో తెలుసా? ఆ చుట్టుపక్కల జనం ఊరి బయటి షాపింగు కేంద్రాలకి, ఇంటర్నెట్‌కి మొగ్గు చూపుతున్నారట! ఏడంతస్తుల నిర్వహణ ఖర్చు తడిసి మోపెడవుతోందట. అక్కడ ఊరి మధ్యలో ఉందని మూత, ఇక్కడ ఊరి బయట ఉందని మూత.

రెండు కారణాలూ నిజమే కావచ్చు. ఏ ఊరి లెక్క ఆ ఊరిది. కాకపోతే ఒకటి గమనించాలి. లెక్కలు వేసేది ఆ ఊళ్లోవాళ్లు కాదు. కొట్టు రావాలన్న నిర్ణయం ఎక్కడో జరుగుతుంది, పోవాలన్న నిర్ణయమూ ఎక్కడో జరుగుతుంది. ఊరు చేయగలిగింది రెండుసార్లూ కబురు వినడమే.

తుపాకుల లోయ... బీరువాల లోయ!

అలా కబుర్లు వినడం లీ లోయకి కొత్త కాదు.

ఎడ్మంటన్ నుంచి నది వెంబడి ఉత్తరంగా పోతే ఎన్‌ఫీల్డ్ లాక్ వస్తుంది. అక్కడ ఒకప్పుడు బ్రిటిష్ ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీ ఉండేది. ఎన్‌ఫీల్డ్ అన్న పేరు మనకెందుకు తెలియదు! 1857లో సిపాయిలు నోటితో కొరకమంటే తిరగబడ్డ ఆ కొవ్వు పూసిన తూటాలు ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌వే. తర్వాత్తర్వాత మన పోలీసుల భుజాన దశాబ్దాలపాటు వేలాడిన త్రీ నాట్ త్రీ పుట్టిల్లూ అదే. బుల్లెట్ బండి మీద రాయల్ ఎన్‌ఫీల్డ్ అని ఉంటుందే, ఆ పేరూ ఈ ఫ్యాక్టరీకి విడిభాగాలు సరఫరా చేసిన గుర్తుగా వచ్చిందే. 1988లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడక్కడ ఇళ్లున్నాయి.

ఎడ్మంటన్ నుంచి దక్షిణంగా రైల్లో రెండు స్టేషన్లు పోతే టాటెన్‌హామ్ హేల్. అసలు చోద్యం ఇక్కడుంది. ప్రపంచంలోనే అతి పెద్ద ఫర్నిచర్ ఫ్యాక్టరీగా పేరుపడ్డ హారిస్ లీబస్ ఫ్యాక్టరీ ఇక్కడే ఉండేది. 1900 ప్రాంతంలో తూర్పు లండన్ ఇరుకు వీధుల నుంచి ఈ నది ఒడ్డుకి మారింది. కలప పడవల్లో వచ్చేది, బీరువాలు, మంచాలు, డ్రెస్సింగు టేబుళ్లయి బయటికి వెళ్లేది. వేల మంది వడ్రంగులు, పాలిష్ పనివాళ్లకి అదే బతుకు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ అక్కడ చెక్క విమానాల పని జరిగింది. శత్రువుల వెనక సైనికుల్ని దించిన హోర్సా గ్లైడర్లలో చాలావాటికి కొయ్య భాగాలు చెక్కింది బీరువాలు చేసిన చేతులే!

1970 వచ్చేసరికి అది కూడా మూతపడింది. ఆ స్థలంలో కొంత భాగాన ఫెర్రీ లేన్ ఎస్టేట్ పేరుతో ప్రభుత్వ ఇళ్లు కట్టారు. దగ్గర్లో ఓ వీధికి మాత్రం లీబస్ స్ట్రీట్ అన్న పేరు మిగిలింది.

అంటే లెక్క ఇదీ. ఒక కాలంలో ఈ లోయ ఫర్నిచర్‌ని తయారుచేసింది. తర్వాతి కాలంలో వేరెక్కడో తయారైన ఫర్నిచర్‌ని అమ్మింది. ఆ తర్వాత అమ్మకమూ పోయింది. మెట్టు మెట్టుకీ చేతులకి పని తగ్గుతూ వచ్చింది. వేల నుంచి వందలకి. పనితనం కూడా మారింది. లీబస్‌లో చేరిన కుర్రాడు ఏళ్ల తరబడి నేర్చుకుంటే గానీ మేస్త్రీ అయ్యేవాడు కాదు, ఆ విద్య ఎక్కడికెళ్లినా అన్నం పెట్టేది. పెట్టెలు సర్దే పనికి అంత నేర్పక్కర్లేదు. అందుకే అది పోయినా కంపెనీకి పెద్దగా లోటుండదు. లోటంతా మనిషికే.

మళ్లీ బారులు తీరారు!

మరి ఆ షెడ్డు ఏమైంది? కూలగొట్టారనుకుంటున్నారా? కాదు. 2023 అక్టోబరులో అది డ్రమ్‌షెడ్స్ అనే పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఈసారి ఫర్నిచర్ కొట్టుగా కాదు, పాటల హోరుకి, నాట్యాలకి వేదికగా. ఒకేసారి 15 వేల మంది పడతారు! 2005లో ఊపిరి ఆడనివ్వని ఆరు వేల మందికి రెండింతలకు పైనే. మంచాలు పేర్చిన చోట స్పీకర్లు వచ్చాయి. బాణం గుర్తుల వెంట బుద్ధిగా నడిచిన నేల మీద కుర్రకారు ఎగిరింది.

షెడ్డు చుట్టూ ఇంకా పెద్ద మార్పే తలపెట్టారు. ఎన్‌ఫీల్డ్ కౌన్సిల్ మెరిడియన్ వాటర్ పేరుతో 600 కోట్ల పౌండ్ల పథకం వేసింది. ఇరవై ఏళ్లలో 10 వేల ఇళ్లు కట్టాలన్నది లక్ష్యం. పాత గ్యాస్ ప్లాంటు స్థలాలు, గోదాములు ఇళ్లవుతాయి. ఏంజెల్ రోడ్ అనే స్టేషన్ ఉండేది ఇక్కడ. రైళ్లు తక్కువ, నడిచే దారి సరిగా ఉండదు, ఎక్కేవాళ్లూ అంతంతే. దాన్ని మూసి, 2019 జూన్‌లో మెరిడియన్ వాటర్ స్టేషన్‌ని తెరిచారు. కారు లేనివాళ్లూ కొట్టుకి రావడానికి వీలైన స్టేషన్ వచ్చిన మూడేళ్లకి కొట్టు వెళ్లిపోవడం విచిత్రమే.

ఇళ్లు రావడం మంచిదే. లండన్‌లో ఇంటి కరవు అంతా ఇంతా కాదు. కానీ ఇళ్లున్నవాళ్లకి పనులు కావాలి. డ్రమ్‌షెడ్స్‌లో కాపలాకి, శుభ్రానికి, బార్‌లో వడ్డనకి మనుషులు కావాలి నిజమే. అవి కార్యక్రమం ఉన్న రోజుల పనులు. నెల తిరిగితే జీతం వచ్చే కొలువులా వాటిని నమ్ముకుని ఇంటి అద్దె కట్టడం కష్టం. ఒక శివారు నుంచి పెద్ద కొట్టు వెళ్లిపోయినప్పుడు అడగాల్సిన ప్రశ్న 'ఆ చోటులో ఇప్పుడేముంది' అన్నది ఒక్కటే కాదు. 'ఆ ఊరివాళ్లకి అక్కడ ఎన్నాళ్ల పని ఉంది' అని కూడా అడగాలి.

అక్కడ మూత... ఇక్కడ జాతర

ఇదంతా మనకెందుకంటారా? 2018 ఆగస్టు 9 గుర్తు చేసుకోండి. హైదరాబాద్ హైటెక్‌సిటీలో ఐకియా మన దేశంలో తొలి కొట్టు తెరిచిన రోజు. 13 ఎకరాలు, 4 లక్షల చదరపుటడుగులు, వెయ్యి మంది ఒకేసారి కూర్చుని తినే హోటలు. తొలిరోజే దాదాపు 40 వేల మంది వచ్చారని అప్పట్లో లెక్కలు చెప్పాయి. మైండ్‌స్పేస్ దారిలో ట్రాఫిక్ కిలోమీటర్ల కొద్దీ ఆగిపోయింది. లోపలికి పోవడానికి తోపులాట, క్యూలు. సోఫాలకంటే ముందు బిర్యానీ, పది రూపాయల సమోసా దగ్గర జనం మూగారు. గొడ్డుమాంసం, పందిమాంసం మీట్‌బాల్స్‌కి పేరుపడ్డ కంపెనీ ఇక్కడ చికెన్‌తోనూ, కూరగాయలతోనూ చేసి పెట్టింది. మనవాళ్లు స్క్రూలు బిగించుకోరని కూడా ముందే గ్రహించి, ఇంటికొచ్చి బిగించే మనుషుల్ని ఏర్పాటు చేసింది. మన దగ్గర వడ్రంగిని పిలిపించి, చేయించుకున్నంత సేపూ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడమే ఆనవాయితీ కదా!

2019 నవంబరులో దానికి ఎదురుగానే రాయదుర్గం మెట్రో స్టేషన్ వచ్చింది. 2020లో నవీముంబయిలో, 2022 జూన్‌లో బెంగళూరులో కొత్త కొట్లు తెరిచారు. ఎడ్మంటన్‌లో షట్టర్ దిగడానికి రెండు నెలల ముందే బెంగళూరులో జనం బారులు తీరారు.

అలాగని హైదరాబాద్ కొట్టు రేపే మూతపడుతుందని ఎవరూ భయపడనక్కర్లేదు. లండన్ లెక్క వేరు, మన లెక్క వేరు. కాకపోతే మూతల చరిత్ర మనకీ ఉంది. సనత్‌నగర్ ఆల్విన్ కంపెనీని ఎవరు మర్చిపోతారు? 1942లో ఆల్విన్ మెటల్ వర్క్స్‌గా పుట్టి ఇనుప బీరువాలు, బస్సుల బాడీలు, ఆ తర్వాత ఫ్రిజ్‌లు, వాచీలు చేసింది. ఆల్విన్ ఫ్రిజ్ ఉన్న ఇల్లంటే ఓ హోదా! అందులో ఉద్యోగమంటే పిల్లనిచ్చేవారు. 1990ల్లో నష్టాలు, విభాగాల అమ్మకాలతో అది చెల్లాచెదురైంది. కొన్న ఇళ్లలో బీరువాలు ఇంకా గట్టిగానే ఉన్నాయి, వాటిని చేసిన కంపెనీయే లేదు.

టాటెన్‌హామ్‌లో లీబస్ స్ట్రీట్ మిగిలినట్టే హైదరాబాద్‌లో ఆల్విన్ కాలనీ మిగిలింది, మియాపూర్ దగ్గర ఆల్విన్ చౌరస్తా మిగిలింది. అక్కడ బస్సు దిగే కుర్రాళ్లలో చాలామందికి ఆల్విన్ అంటే ఓ స్టాపు పేరు. ఇంట్లో తాతగారినో నాన్నగారినో అడిగితే మాత్రం ఆ పేరు వెనక ఎంతమంది నెల జీతాలున్నాయో చెబుతారు. వీలైతే ఈ ఆదివారం ఓసారి అడిగి చూడండి.